పాత మారుతి 800కి వీల్ బేరింగ్: బండి పేరు కాదు, నంబరు పట్టుకెళ్లండి

1996 మోడల్ మారుతి 800, ముందు చక్రం దగ్గర హోరు, శ్రీకాకుళంలో ఒక్కో షాపులో ఒక్కో బేరింగ్ చూపిస్తున్నారు, ఏది కొనాలి అని అడిగారు. మాదీ అలాంటి బండే, విజయనగరంలో. నన్నడిగితే ఇప్పుడే ఏదీ కొనకండి. పాతది ఊడదీయించి, దాన్ని జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి.

మా బండికి ఈ పని పడ్డప్పుడు కౌంటర్ దగ్గర "మారుతి 800 ఫ్రంట్ బేరింగ్" అన్నాను. షాపాయన కుర్చీలోంచి లేవకుండానే "నంబరు సెప్పండి బాబూ, బండి పేరుతో ఏటి పని?" అన్నాడు. బేరింగ్ రింగు మీద వేసి ఉండే నంబరు సంగతి అది. విసుగొచ్చిన మాట నిజమే గానీ ఆయన అడిగింది సబబే. ముప్పై ఏళ్ల బండి ఎన్ని చేతులు మారి ఉంటుందో, బేరింగ్ కూర్చునే హబ్ ఎవరు ఎప్పుడు మార్చారో మనకేం తెలుసు?

దానికంటే ముందు అది బేరింగ్ శబ్దమేనా అన్నది తేల్చుకోండి. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాగే హోరు పెడుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి నడపండి, శబ్దం కూడా వెనక్కి పోతే బేరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. చిలకపాలెం వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పి చూడండి. బరువు ఎడమ వైపు పడుతుంది కాబట్టి అప్పుడు హోరు పెరిగితే అనుమానం ఎడమ చక్రం మీదే. జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ లూజు తెలుస్తుంది. పక్కల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టైరాడ్ ఎండ్ చూడమనండి.

ఇక నంబరు. పాత బేరింగును కిరసనాయిలుతో కడిగి, రింగు అంచున ఉన్న అక్షరాల మీద సుద్దముక్క రుద్ది, ఫోన్ లైటు ఏటవాలుగా వేస్తే చాలావరకు కనిపిస్తుంది. మామూలు బాల్ బేరింగుల్లో నంబరు చివరి రెండంకెలు 04 గానీ అంతకంటే పైన గానీ ఉంటే, వాటిని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 6206 అంటే లోపల 30, బయట 62, మందం 16. 6305 అంటే లోపల 25, బయట 62, మందం 17. బయటి కొలత రెండింటికీ ఒకటే కదా, "హబ్‌లో కూర్చుంది, సరిపోయింది" అనుకుంటాం, తీరా షాఫ్ట్ దగ్గరికొచ్చాక గొడవ. ఇవి ఉదాహరణకి చెప్పినవి, మీ బండి నంబర్లు అనుకోకండి. నంబరు పూర్తిగా చెరిగిపోతే లేత్ షాపులో వెర్నియర్ స్కేలుతో ఈ మూడు కొలతలూ తీయించండి.

నంబరు తర్వాత ఉండే అక్షరాలు కూడా కలవాలి, మన దగ్గర చాలామంది పట్టించుకోనిది ఇదే. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు సీలు. రబ్బరు సీలునే ఎన్‌ఎస్‌కే కంపెనీ వాళ్లు డీడీయూ అని, ఎన్‌టీఎన్ కంపెనీ వాళ్లు ఎల్‌ఎల్‌యూ అని వేస్తారు. సీ3 అంటే లోపల బంతులకు మామూలు కంటే కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుందని. పాతదాని మీద ఏముంటే కొత్తదాని మీదా అదే చూసుకోండి. నాకు ఒక షాపులో పేరున్న కంపెనీ డబ్బాలో పెట్టిచ్చిన సరుకు డబ్బా మీద సీ3 అని ఉంది, రింగు మీద లేదు. అక్కడే తిరిగిచ్చేశాను. ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, జైపూర్ వాళ్ల ఎన్‌బీసీ, ఏదైనా పర్లేదు, అసలుది కావడం ముఖ్యం. ఎస్‌కేఎఫ్ వాటికైతే ఆథెంటికేట్ అనే యాప్‌లో ఫొటోలు పంపి అడగొచ్చు.

ఊళ్లో దొరక్కపోతే టెన్షన్ పడకండి. మారుతి డీలర్ దగ్గర చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు అడగండి. లేదంటే గాజువాక ఆటోనగర్ షాపులకి పాతదాని ఫొటో వాట్సాప్ చేస్తే ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు. అందుకే పొద్దున్నే ఊడదీయించడం మంచిది, బండి జాకీ మీదే ఉండిపోయినా సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. హబ్‌లోకి దింపేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ బంతుల మీదుగా పోయి అవి తిరిగే గాడిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగ్ నెల తిరక్కుండానే మోత మొదలెడుతుంది. బేరింగును నొక్కి దించే ప్రెస్ మిషను ఉన్న షాపుకే ఇవ్వండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా. ఆయిల్ సీలు, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ కొత్తవి వేయించండి. రెండు బేరింగుల మధ్య ఎడం కోసం పెట్టే స్పేసర్ ఉంటే అది పాత గ్రీజుతో పాటు చెత్తలోకి పోకుండా చూసుకోండి. కొత్తది హబ్‌లో వదులుగా కూర్చుంటే మేస్త్రి పంచ్‌తో నాలుగు గాట్లు పెట్టి "సెట్ అయిపోయింది" అంటాడు. ఒప్పుకోకండి, అక్కడ మార్చాల్సింది వదులైన ఆ హబ్‌నే.

పాతది తీశాక దాని మీద ఏముందో రాయండి, చూసి చెబుతాను.