పూసపాటి వారి ‘పాటి’

సందేహం: మా ఊళ్ళో ఈ ఏడు బొబ్బిలి యుద్ధం నాటకం వేస్తున్నాం. పోస్టరు మీద ‘పూసపాటి విజయరామరాజు’ అని రాసి ఇస్తే, డీటీపీ చేసే అబ్బాయి దాన్ని ‘పూసపాడు విజయరామరాజు’ అని మార్చేశాడు. అడిగితే, ‘ఊరి పేరు పూసపాడేనటండీ, పాటి అని ఊరు ఉండదు కదా’ అన్నాడు. మాలో కొందరు అతని మాటే రైటంటున్నారు. ఇంకొకాయన, ‘పాడు’ అంటే చెడు కాబట్టి రాజులు తమ పేరులో దాన్ని ‘పాటి’గా మార్చుకున్నారని అంటున్నాడు. ఏది నిజం? మన నాటకంలోని విజయరామరాజు, పద్మనాభం యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు ఒక్కరేనా? (రాజాం దగ్గర నుంచి ఒక నాటకాభిమాని)

సమాధానం: రాజాం నుంచి విజయనగరం రాజులైన పూసపాటి వారి గురించి అడగడం ముచ్చటగా ఉంది. తాండ్ర పాపారాయుడు ఉన్న ఊరు కదండీ మీది!

ముందు డీటీపీ అబ్బాయి సంగతి. అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఊరు పూసపాడే. కృష్ణా ప్రాంతంలోని ఆ ఊరి నుంచే ఇంటిపేరు వచ్చిందని వంశచరిత్రలు చెబుతాయి. అయితే ఊరి పేరు వేరు, ఇంటిపేరు వేరు. ఊరు ఇంటిపేరుగా మారేటప్పుడు ‘ఆ ఊరి’ అనే అర్థం రావాలి. పూసపాడు యొక్క విజయరామరాజు, పూసపాటి విజయరామరాజు. కందుకూరు కందుకూరి అయింది, వేటూరు వేటూరి అయింది, ఉప్పలపాడు ఉప్పలపాటి అయింది. అసలు ‘ఇంటిపేరు’ అన్న మాటే చూడండి. ‘ఇల్లుపేరు’ అని ఎవరైనా అంటారా? మాట మొదట్లోనే ఔపవిభక్తికం, అంటే ఇల్లు ‘ఇంటి’ అయినట్టు మాట చివర వచ్చే మార్పు, కూర్చుని ఉంటే, దాని కింద రాసే పేరులో ఔపవిభక్తికం తప్పంటారేమిటి!

బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ ఔపవిభక్తికాలకు ఇ, టి, తి అని మూడు వర్ణాలు చెప్పి ఊరుకున్నాడు. వాటిని మనం పొద్దున్న లేచింది మొదలు వాడుతూనే ఉంటాం. పంటి నొప్పి, కంటి డాక్టరు, నోటి మాట, చేతి గడియారం, రాతి మెట్లు, నేతి బొబ్బట్లు, నూతి నీళ్ళు, నిన్నటి అన్నం. ఇవన్నీ సరిగ్గానే అంటాం. అచ్చులోకి వచ్చేసరికి మాత్రం చెయ్యి వణుకుతుంది. ఆ మధ్య ఒక హోటల్లో మెనూ కార్డు చూశాను. ‘రోటీ పచ్చడి’ అని, దీర్ఘం పెట్టి మరీ, రొట్టెల వరసలో వేశారు. రోలు, రోటి, రోటి పచ్చడి బాబూ అంటే, వడ్డించే కుర్రాడు, ‘రోటీ విడిగా ఆర్డరు చెయ్యాలి సార్’ అన్నాడు. గోంగూర పచ్చడి మాత్రం బాగుంది.

ఇక ‘పాడు’ గురించి. పేపరు వారు నాలుగు వాక్యాల్లో ముగించమన్నారు గానీ, ఈ మాట దొరికితే నేను వదిలేవాణ్ణి కాను.

ఊరి పేర్ల చివర వచ్చే పాడుకు ఊరు, పల్లె అనే అర్థం. తమిళంలో పాడి అంటే పల్లె, ఊరు. కన్నడంలోనూ పాడి అంటే అదే. మన పాడు వాటి తోబుట్టువు. చెడిపోవడం అనే అర్థమున్న పాడు పుట్టుక వేరు. దానికి తమిళంలో చివర ‘ఴ’ ఉంటుంది, పాఴ్ అంటారు. ఆ ‘ఴ’ ఒకప్పుడు మనకూ ఉండేది, పాత శాసనాల్లో కనిపిస్తుంది. తరవాత మనవాళ్ళు దాన్ని చాలాచోట్ల ‘డ’ చేసేశారు. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు, చోఴులు మనకు చోడులు. అలాగే పాఴు పాడై, అంతకుముందే ఉన్న పల్లె పాడుతో కలిసిపోయింది. రెండిళ్ళ పిల్లలకు ఒకే పేరు పెట్టినట్టయింది. కాబట్టి ‘చెడు అర్థం వస్తుందని రాజులు మార్చుకున్నారు’ అన్న మీ స్నేహితుడి మాట నిలవదు. రాజులే కాదు, ఉప్పలపాటి వారి ఇంట్లో పాలేరు కూడా ‘ఉప్పలపాటోరు’ అనే అంటాడు. అది భాష చేసిన మార్పు.

అయితే మీ స్నేహితుణ్ణి పూర్తిగా తోసిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. కారణం పాటిమన్ను. పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. ఎప్పుడో జనం వదిలేసి పోయిన పాత ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటారు. వేసవిలో బళ్ళు కట్టుకుపోయి ఆ దిబ్బ మట్టి తవ్వి పొలాలకు తోలేవారు, సారం ఎక్కువని. అదే పాటిమన్ను. తవ్వుతుంటే పెంకులు, పూసలు, ఒక్కోసారి నాణేలు కూడా బయటపడేవి. హైదరాబాదులో పాటిగడ్డ ఉండనే ఉంది. మరి ఈ పాటిమన్నులో ఉన్నది ఏ పాడు? ఊరు అనే పాడా, పాడుబడ్డ పాడా? ఊరిది కాకపోతే పెంకులు ఎక్కడివి? పాడుబడకపోతే బళ్ళు కట్టుకుని ఎందుకు పోతారు? రెండూ అక్కడ ఒకే దిబ్బ మీద కూర్చున్నాయి. నేను ఊరి వైపే మొగ్గుతాను. ఎవరైనా రెండోదంటే పోట్లాడను.

పూసపాడులో ‘పూస’కు మెడలో వేసుకునే పూస అనే అర్థమే తోస్తుంది. అంతకంటే ముందుకు పోను. ‘ఏపాటివాడు’, ‘ఈపాటికి’ అనే మాటల్లోని పాటి కొలతకు సంబంధించినది. దానితో మనకు పనిలేదు.

డు టిగా మారడం అన్నానో లేదో నాకు శ్రీనాథుడు గుర్తొస్తాడు. కొండవీటి మీద ఆయన చెప్పినట్టుగా ప్రసిద్ధమైన చాటువు ఒకటుంది:

పరరాజ్య పరదుర్గ పరవైభవశ్రీలఁ
గొనకొని విడనాడు కొండవీడు
పరిపంథి రాజన్య బలముల బంధించు
గురుతైన యురిత్రాడు కొండవీడు
ముగురు రాజులకును మోహంబుఁ బుట్టించు
కొమరు మించిన వీడు కొండవీడు
చటుల విక్రమ కళాసాహసం బొనరించు
కుటిలారులకుఁ గాడు కొండవీడు

ఎత్తుగీతి చివర ‘కూర్మి నమరావతికి జోడు కొండవీడు’ అని ముగుస్తుంది. గట్టిగా చదివి చూడండి. కోట గోడ మీద ఎవరో పెద్ద డోలు పెట్టుకుని ‘డు, డు’ అని కొడుతున్నట్టుంటుంది. ఇందులో ఐదు డుకారాంతాలు ఉన్నాయి, ఐదింటికీ ఒకే గతి పట్టలేదు. త్రాడు త్రాటి అవుతుంది. వీడు, అంటే పట్టణం, వీటి అవుతుంది. కాడు, అంటే శ్మశానం, కాటి అవుతుంది. కాటికి కాళ్ళు చాచుకోవడం తెలిసిందే కదా. విడనాడు క్రియ, దానికి ఈ గొడవే లేదు. జోడు మాత్రం నామవాచకమై ఉండీ మొండికేసింది. జోడు గుర్రాలు అంటాం గానీ ‘జోటి గుర్రాలు’ అనం. మారేవాటినీ మారనివాటినీ ఒకే పద్యంలో పక్కపక్కన నిలబెట్టిన ఆ చెవిని ఏమని మెచ్చుకోవాలి! పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్నవాడికి కొండవీటి మీద ఆ మాత్రం ప్రేమ ఉండదా?

ముగ్గురు రాజులంటే అశ్వపతి, గజపతి, నరపతి అని పెద్దలు చెబుతారు. వారిలో గజపతులు, ఒరిస్సా పాలకులు, రెడ్లు పోయాక కొండవీటిని దక్కించుకున్నారు. 1515లో కృష్ణదేవరాయలు వారి దగ్గర నుంచి లాక్కున్నాడు. ఆ తరవాత చాలా కాలానికి అదే ‘గజపతి’ మన పూసపాటి వారి పేర్ల చివర చేరింది. పేరుకు ముందు కృష్ణా ప్రాంతపు పల్లె, వెనక ఒరిస్సా బిరుదు. మధ్యలో మనిషి.

శ్రీనాథుడి కొండవీటిని జనం మరోరకంగా తలుచుకుంటారు. ఎంతకీ తెగని పనిని ‘కొండవీటి చాంతాడు’ అంటారు. కొండవీడు చాంతాడు అనరు. ఏ బడికీ పోని ముసలమ్మ కూడా అనదు. ఇప్పుడు ఆ దారిలో బోర్డు చూడండి, ‘కొండవీడు కోట’ అని ఉంటుంది. టీవీలో ‘పల్నాడు యుద్ధం’ అని చదువుతారు. పల్నాటి యుద్ధం, పల్నాటి వీరులు అని ఇన్నాళ్ళూ అందరం అన్నాం కదా, మీకొచ్చిన కష్టమేమిటి నాయనా? జిల్లా పేరు పల్నాడు కాబట్టి ‘పల్నాడు జిల్లా’ సరే, అక్కడ నేనేమీ అనను. తమిళనాడు ప్రభుత్వాన్ని ‘తమిళనాటి ప్రభుత్వం’ చెయ్యమనీ అనను. కొత్తగా అధికారికంగా పెట్టిన పేర్లు అలా బిగుసుకుపోతాయి. కొండవీడు కోట అంటే వ్యాకరణం ఉరి వెయ్యదు. నేను మాత్రం అలా రాయను.

ఇంటిపేర్లన్నీ ఇలాగే మారతాయా అంటే, మారవు. రాయప్రోలు వారు రాయప్రోలుగానే ఉండిపోయారు. గురజాడ వారి పేరు మారడానికి చివర డు లేదు. బొబ్బిలి యుద్ధం మీద నాటకం రాసిన వేంకటరాయశాస్త్రిగారి వేదం అసలు ఊరిలాగే వినిపించదు. కొడవటికల్లు కొడవటిగంటి అయిందంటారు, అది మరీ విచిత్రం. కానీ పాడు మీద పుట్టిన ఇంటిపేరు పాడుగానే నిలిచిపోయింది నాకు ఇంతవరకు తారసపడలేదు. మీ పోస్టరు మీదదే మొదటిది.

ఇంకో తమాషా. మీ ప్రాంతంలో ‘ఏటి?’ అంటే ఏమిటి అని. ఏరు ఏటి అయితే ‘ఏటి గట్టు’. సంవత్సరమనే ఏడు ఏటి అయితే ‘ఏటి పండగ’. ఇక ఏడుగురిలోని ఏడు ఈ వరసలో కలవదు, ‘ఏడింటి బస్సు’ అని ఇంకో దారి పట్టుకుంటుంది. పైకి ఒక్కలా కనిపించినా మాటకు మాటే తన పుట్టింటి అలవాటు మానదు. మీ రిహార్సల్లో ఎవరైనా ‘ఈ పాటి ఏటి?’ అని అడిగితే కోప్పడకండి, మూడు ముక్కల్లో సగం వ్యాకరణం ఉంది.

చివరి ప్రశ్న. ఇద్దరూ ఒకరు కాదు. మీ నాటకంలోని ఆయన పెద్ద విజయరామరాజు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి కోట కూలింది. ఆ వెంటనే ఆయన్ని గుడారంలోనే పాపారాయుడు చంపాడు. ఆయన తరవాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారితో చేతులు కలిపాడు. ఆ తరవాత గద్దెనెక్కిన చిన విజయరామరాజు చివరికి అదే ఇంగ్లీషువారి చేతిలో 1794 జులై 10న పద్మనాభంలో నేలకొరిగాడు. రెండు చావులకూ మధ్య ముప్ఫయ్యేడేళ్ళు. మరో ఆనందుడు, ఆనందగజపతి, కన్యాశుల్కాన్ని అంకితం తీసుకున్నవాడు. 1936లో మన క్రికెట్ జట్టుకు కెప్టెనుగా ఇంగ్లండు వెళ్ళిన విజ్జీ కూడా ఆ ఇంటివాడే. తాతల పేర్లు మనవళ్ళకు పెట్టే ఇళ్ళలో ‘పెద’, ‘చిన’ రాయకపోతే ఇలాంటి తికమకే. కాబట్టి పోస్టరు మీద ‘పెద్ద విజయరామరాజు’ అని వేస్తే ఇంకా మంచిది. నాటకంలో ఆయన దుర్మార్గుడైనా, పేరు మాత్రం ఆయనది ఆయనకివ్వాలి కదా.

డీటీపీ అబ్బాయిని ఏమీ అనకండి. ఊరి పేరు విచారించాలని తోచింది, ఈ రోజుల్లో అదే గొప్ప. మీకు దగ్గర్లోనే జాతీయ రహదారి మీద ఒక ఊరి బోర్డు ఉంటుంది, ఈసారి విశాఖ వెళ్ళేటప్పుడు బస్సులోంచి అతనికి చూపించండి: పూసపాటిరేగ. పోస్టర్లు ఇప్పటికే అచ్చయిపోయి ఉంటే మళ్ళీ డబ్బు తగలెయ్యకండి. ‘డు’ మీద చిన్న కాగితం ముక్క అంటించి ‘టి’ రాయండి, చాలు.