ఇంగ్లండ్‌లో పబ్లిక్ స్కూల్ అంటే ప్రభుత్వ బడేనా?

కాదు, అక్కడ పబ్లిక్ స్కూల్ అంటే ఫీజు కట్టి చదివే ప్రైవేటు బడే. ప్రభుత్వ బడిని స్టేట్ స్కూల్ అంటారు. పూర్వం చాలా బడులు ఒక ఊరివాళ్లకో, ఒక చర్చికో, ఒక వృత్తి సంఘం పిల్లలకో పరిమితం. ఆ హద్దు లేకుండా ఎక్కడివాళ్లైనా డబ్బు కట్టి చేరగలిగిన బడికి 'పబ్లిక్' అనే పేరు పడింది. మన ఊళ్లలో ప్రైవేటు బడుల బోర్డుల మీద కనిపించే మాట కూడా ఇదే.

ష్రూస్‌బరీ స్కూలునే చూడండి. 1552లో ఊళ్లో పెట్టిన ఈ బడి 1882లో సెవర్న్ నది అవతల, కింగ్స్‌లండ్ గట్టు మీదికి మారింది. కింద నది ఒడ్డునే పడవల షెడ్డు. 1868 నాటి పబ్లిక్ స్కూల్స్ చట్టం వర్తించిన ఏడు బడుల్లో ఇదొకటి. హాస్టల్ పిల్లలూ ఉంటారు, రోజూ ఇంటికెళ్లే డే స్కాలర్లూ ఉంటారు.

హాస్టల్ దూరపు పిల్లలకే అనుకోవడం కూడా పొరపాటే. చార్లెస్ డార్విన్ ఇల్లు ఈ బడికి మైలు దూరమే. అయినా 1818లో హాస్టల్లోనే చేరాడు. హాజరు పిలుపుల మధ్య ఇంటికి పరుగెత్తి, రాత్రి తాళం వేసేలోపు తిరిగొచ్చేవాడు.

ఫీజు చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త: ఇలాంటి బడులు సాధారణంగా ఒక టర్ముకు చెబుతాయి, ఏడాదికి మూడు టర్ములు. 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ కూడా ఉంది. చెప్పిన అంకెలో అది కలిసిందో లేదో అడగండి.