సినిమాల్లో భక్తిని వెతుకుతున్న మా అమ్మడికి

అమ్మడూ, నీ మెసేజ్ చూశా. ప్రాజెక్టు కోసం హిందువుల భక్తి, ముస్లింల భక్తి సినిమాల్లోంచి తెలుసుకోవాలనుంది, లిస్టు పంపు పెద్దమ్మా అన్నావు. లిస్టుదేముంది, ఎలా చూడాలో చెప్తా విను.

1975లో జై సంతోషీ మా వచ్చినప్పుడు జనం హాలు బయట చెప్పులు వదిలి లోపలికెళ్ళారు, తెర మీదకి పూలూ చిల్లరా విసిరారు. మా అత్తగారైతే సినిమా చూసొచ్చి పదహారు శుక్రవారాల వ్రతం పట్టింది, ఆ వ్రతానికి పులుపు కూడదు కదా, ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పులో చింతపండు పడలేదు, మామగారు గొణుక్కుంటూనే తినేవారు పాపం. సినిమాలో అమ్మవారు ఏ మహిమ చూపించిందీ అన్నది కాదు, వంటింట్లో ఏం మారిందో అది రాసుకో.

ముస్లింల దగ్గరికొచ్చేసరికి ఇంకాస్త జాగ్రత్త. పాత హిందీ సినిమాల్లో ముస్లిం అంటే లక్నో, నవాబులు, పర్దా, షాయరీ. చూడ్డానికి ఎంత బాగుంటుందో, అందులో మన వీధి చివర టైలర్ భాయ్ అస్సలు కనపడడు! దీవార్ సినిమాలో హీరో దగ్గర 786 బిళ్ళ చూస్తావు కదా, అది బిస్మిల్లా అక్షరాలకి లెక్క కడితే వచ్చే నంబరు, కానీ దాన్ని వాడకూడదనే ముస్లింలు కూడా ఉన్నారు, ఆ సంగతి సినిమా చెప్పదు, మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

అమర్ అక్బర్ ఆంథోనీ (1977) మాత్రం రెండుసార్లు చూడు. మొదటిసారి హాయిగా నవ్వుకో. రెండోసారి ఎవరికి ఏ పని ఇచ్చారో గమనించు. అక్బర్ ఖవ్వాలీ పాడతాడు, ఆంథోనీ సారా అమ్ముతాడు, అమర్ పోలీసు. అక్బర్‌ని చూడగానే మతం తెలిసిపోతుంది, అమర్‌ని చూస్తే యూనిఫామే కనిపిస్తుంది, ఎందుకలా? నాకైతే ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే రాయొచ్చనిపిస్తుంది. అయినా అదే అక్బర్ షిర్డీ సాయి గుళ్ళో పాడుతుంటే ఇప్పటికీ నాకు కళ్ళల్లో నీళ్ళొస్తాయి, అదీ నిజమే, అదీ రాయి.

మన తెలుగులో శ్రీరామదాసు (2006) పెట్టుకో. రామలక్ష్మణులు తానీషాకి డబ్బు కట్టడం కథగా వస్తున్నది, గోపన్న గోల్కొండ జైల్లో ఉండటం చరిత్ర, రెండిటికీ రెండు పేజీలు పెట్టు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపుతుంది చూడు, అది తానీషా మొదలెట్టాడనే చెప్తారు. వీలైతే వెళ్ళు, పక్కన నిలబడ్డ ముసలమ్మని కదిలించు, సినిమాలో లేనివి బోలెడు చెప్తుంది.

దర్గా సీన్లు రాసేముందు కూడా ఒక గురువారం సాయంత్రం దర్గాకెళ్ళి కూర్చో, తల మీద చున్నీ కప్పుకో, ఎంతమంది బొట్టు పెట్టుకున్నోళ్ళు వస్తున్నారో నీకే కనపడుతుంది. ఫోన్ మాత్రం తియ్యకు.

గర్మ్ హవా, అదే దేశ విభజన తర్వాత ఇక్కడే ఉండిపోయిన ఒక ముస్లిం కుటుంబం కథ, ఆ సినిమా ఒక్కదానివే చూడకు, ఆదివారం ఇంటికి రా. సబ్‌టైటిల్స్ ఉన్నది వెతికి పట్రా, నా ఉర్దూ సగం సగమే.