కెప్టెన్ ఆల్ హేన్స్

ప్రశ్న: మాజీ సైనికుడు, రిటైర్డ్ పైలట్ ఆల్ హేన్స్‌ను విమానయాన రంగం ఎందుకు గుర్తుచేసుకుంటుంది?

జవాబు: అమెరికా మెరైన్ కోర్‌లో విమానాలు నడిపి, 1956లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన హేన్స్, 1989 జులై 19న 296 మందితో వెళ్తున్న డీసీ-10 విమానానికి కెప్టెన్. తోక ఇంజిన్ బద్దలై విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ (ద్రవ పీడనంతో పనిచేసే) వ్యవస్థలూ పోవడంతో, ప్రయాణికుల్లో ఉన్న పైలట్ల శిక్షకుడు డెన్నిస్ ఫిచ్ సాయం తీసుకుని, మిగిలిన రెండు ఇంజిన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని అమెరికాలోని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. ఏ రన్‌వే మీదైనా దిగవచ్చని నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ చెబితే, రన్‌వేనే కావాలా అని ఆయన నవ్వగలిగారు. ఆ నిబ్బరం అసాధారణం. దిగేటప్పుడు విమానం ముక్కలై 112 మంది మరణించగా, 184 మంది బతికారు. 1991లో రిటైరై, 2019లో మరణించిన ఆయన, ఆ ఘనత సిబ్బందికీ సహాయక బృందాలకూ చెందుతుందని తన ప్రసంగాల్లో చెప్పేవారు.