వెనక్కి జరిపితే ఆట అయిపోయినట్టా?

ప్రశ్న: మాస్టారూ, నాకు 16 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడతాను. పరుగు తక్కువని మా కోచ్ గారు నన్ను ఫార్వర్డ్‌ల వెనకనుంచి తీసి డిఫెన్స్ ముందు పెట్టేరు. ఇక మానేయమంటారా?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: మానేయకు బాబూ. ఇటలీ ఆటగాడు ఆండ్రియా పిర్లోదీ నీ కథే. ఇంటర్ మిలాన్ క్లబ్బులో చోటు దొరక్క 2001లో బ్రెషియా క్లబ్బుకి అరువు మీద వెళ్లేడు. అక్కడ అతని స్థానంలో పేరుమోసిన రొబెర్టో బాజియో ఉన్నాడు. దాంతో కోచ్ మజ్జోనే పిర్లోని డిఫెన్స్ ముందుకి దింపేడు. తర్వాత ఏసీ మిలాన్‌తో రెండు ఛాంపియన్స్ లీగ్‌లు, 2006లో ప్రపంచ కప్పు, యువెంటస్‌తో వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు. 2017లో రిటైరయ్యేడు.

2006 సెమీస్‌లో జర్మనీ మీద 119వ నిమిషం నాకింకా కళ్ళల్లోనే ఉంది. ఆమదాలవలసలో మా ఇంట్లో తెల్లవారుజామున మూడవుతోంది. పెనాల్టీ బాక్సు అంచున పిర్లో బంతి పట్టుకుని, గోల్‌కేసి తన్నకుండా, జర్మనీ ఆటగాళ్లని తనవైపు లాక్కుని, అటు చూడకుండానే తన జట్టువాడు గ్రోసోకి అందించేడు. గోల్! అందులో పరుగెంత? చూపే అంతా.

రేపట్నుంచి బంతి నీ కాలికి చేరేలోపు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడు. నెల్లాళ్లు చేసి మళ్లీ రాయి.