డయాలసిస్‌లో హెపటైటిస్-సి సోకితే ఆసుపత్రిని నిలదీయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి ఏడాదిగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ జరుగుతోంది. చేర్చుకునేటప్పుడు చేసిన పరీక్షలో హెపటైటిస్-సి లేదు. గత నెల ఉందని తేలింది. అడిగితే ‘బయట ఎక్కడో అంటుకుని ఉంటుంది’ అంటున్నారు. మేం డబ్బు కట్టలేదు కాబట్టి కేసు వేసే హక్కు లేదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: హక్కు ఉంది. డబ్బు కట్టే రోగులకూ వైద్యం చేసే ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందినవారు కూడా వినియోగదారులేనని వి.పి. శాంత కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పైగా మీ నాన్నగారి వైద్యానికి ప్రభుత్వం డబ్బు చెల్లిస్తూనే ఉంది.

అసలు పోరాటం రుజువు దగ్గర. వైరస్ ఏ సూది నుంచి, ఏ రోజు వచ్చిందో మీరు చూపలేరు. చూపాలని చట్టం కూడా పట్టుబట్టదు. ప్రాథమిక ఆధారాలు రోగి చూపితే, నిర్లక్ష్యం లేదని నిరూపించుకోవలసింది ఆసుపత్రేనని సవితా గార్గ్ కేసు (2004) తీర్పు. సైనిక ఆసుపత్రిలో రక్తం ఎక్కించడం వల్ల హెచ్‌ఐవీ సోకిన వైమానిక దళ మాజీ ఉద్యోగికి 2023లో సుప్రీంకోర్టు సుమారు 1.54 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. అక్కడ పరిస్థితులే సాక్ష్యంగా నిలిచాయి.

ఆసుపత్రి ఒక వాదన తప్పక తెస్తుంది: చేరేనాటికే వైరస్ ఉంది, పరీక్షలో బయటపడలేదు అని. వైరస్‌ను కాక, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను వెతికే యాంటీబాడీ పరీక్షలో తొలి వారాల్లో అలా జరగడం నిజమే. అందుకే మొదటి రిపోర్టు ఒక్కటే చాలదు. తర్వాత నెలల్లో చేసిన పరీక్షలన్నీ కావాలి. నాలుగైదు నెలల తర్వాత కూడా నెగటివ్ వచ్చి ఉంటే ఆ వాదన చాలా బలహీనపడుతుంది. ఈలోగా మరోచోట రక్తం ఎక్కించుకోవడం, పళ్లకు వైద్యం చేయించుకోవడం వంటివి ఉంటే మీ న్యాయవాదికి ముందే చెప్పండి. దాస్తే కేసు దెబ్బతింటుంది.

కాబట్టి రేపే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. కేస్‌షీట్లు, రక్తపరీక్షల ఫలితాలు, ఏ రోజు ఏ యంత్రంపై డయాలసిస్ చేశారు, డయలైజర్‌ను (రక్తాన్ని వడపోసే పరికరం) ఎన్నిసార్లు శుభ్రపరిచి వాడారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు సీసా ఒకరికే వాడారా అన్నీ అడగండి. రోగి వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాలు (2002) చెబుతున్నాయి. ఇతర రోగుల వివరాలు మీకు ఇవ్వరు. వాటిని పేర్లు తీసేసి తెప్పించమని, కేసు వేశాక వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. పాజిటివ్ రిపోర్టు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. పోలీసు కేసు వైపు ముందే వెళ్లవద్దని నా సలహా. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం నేరం కావాలంటే ఘోర నిర్లక్ష్యం కనబడాలి.

ఎంత కోపం ఉన్నా ఒక్క డయాలసిస్ కూడా మానిపించకండి. హెపటైటిస్-సి ఇప్పుడు మందులతో నయమయ్యే జబ్బు. చాలామందికి 12 వారాల కోర్సు సరిపోతుంది, జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు. జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి కూడా ఈ వారమే ఫిర్యాదు రాయండి. ఈ వైరస్ ఏళ్ల తరబడి లక్షణాలు చూపకపోవచ్చు. అదే కేంద్రంలో డయాలసిస్ చేయించుకుంటున్న మిగతావారికీ పరీక్షలు జరిపించమని ఆ లేఖలోనే అడగండి.