వీధి పిల్లులు తిరిగే చోట కుందేళ్ల బోను ఎలా ఉండాలి?

మీరు అడిగింది ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, డాబా మీద షాపులో కొన్న ఇనప బోను, అందులో మూడు నెలల కుందేళ్లు రెండు. రాత్రిపూట పక్క డాబా పిట్టగోడ మీంచి రెండు పిల్లులు దిగి బోను చుట్టూ తిరుగుతున్నాయి. నిన్న రాత్రి పెద్ద గోల అయింది, పొద్దుట్నుంచి ఒక కుందేలు తిండి ముట్టడం లేదు. ఈ బోను సరిపోతుందా, చుట్టూ కారం చల్లితే పిల్లులు రాకుండా ఉంటాయా?

ముందు తినని కుందేలు సంగతి చూడండి. బోను పని రేపు చేసుకోవచ్చు, ఇది ఆగదు. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. బెదిరితే ఆ కదలిక మందగిస్తుంది, మందగిస్తే తిండి మానేస్తుంది, తినకపోయేసరికి పేగు ఇంకా నెమ్మదిస్తుంది. పది పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోయినా, పెంటికలు మిరియాలంత చిన్నవైపోయినా, పళ్లు గట్టిగా కొరుకుతూ ఓ మూల ముడుచుకుని కూర్చున్నా, తెల్లారేదాకా చూద్దాంలే అనుకోకండి. మీ లెక్క ప్రకారం ఇప్పటికే ఆ గడువు దగ్గర పడింది.

డాక్టరు దగ్గరికి బయల్దేరే లోపు గాయం ఉందేమో వెతకండి. కుందేలు బొచ్చు దట్టం, పిల్లి కోర సన్నం, పైకి ఏమీ కనబడదు. బొచ్చును ఎదురుగా ఊదుకుంటూ పోతే చర్మం కనిపిస్తుంది. మెడ వెనక, వీపు, తొడలు, ముందు కాళ్ల వేళ్లు వరసగా చూడండి. ఒకచోట బొచ్చు తడిగా అంటుకుపోయి ఉంటే దాని కిందే ఉంటుంది. సూదిగుచ్చినంత రంధ్రమే కదా అని వదిలేయకూడదు. పిల్లి నోట్లో పాశ్చరెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది లోతుగా వెళ్లాక పైన చర్మం ఒక్క రోజులో మూసుకుపోతుంది. కుందేలు చీము గడ్డపెరుగులా ముద్దగా ఉంటుంది, దానంతట అది కారిపోదు, లోపలే గూడు కడుతుంది. అందుకే గాటు కనిపించిన రోజే డాక్టరు చూడాలి. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాకి కాస్త తక్కువ ఉప్పు వేసి దాంతో కడిగితే చాలు. పసుపు, డెటాల్, కిరసనాయిలు ఏవీ వద్దు.

వెనక కాళ్లు ఈడుస్తుంటే మాత్రం ఎత్తుకుని తిప్పకండి. అట్ట మీదకో పళ్లెం మీదకో జరిపి, మూతున్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి.

ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ మనుషులకీ కుక్కలకీ మామూలే గానీ కుందేలు పేగులో మంచి బ్యాక్టీరియాను చంపి ప్రాణం మీదకి తెస్తాయి. పిల్లుల నుంచి గోమార్లు అంటుకున్నాయని కుక్కలకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలు మీద కొట్టకూడదు, అది దానికి విషం. ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి, కుందేళ్లను చూస్తారా అని అడగండి, గేదెలూ కుక్కలూ చూసే చేయి అన్నిచోట్లా కుందేలుకి అలవాటుపడి ఉండదు. విజయవాడ వైపు వాళ్లకి గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఇక అసలు ప్రశ్న. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటాం గానీ, కుందేలు విషయంలో పిల్లి చెలగాటం కూడా ఆడక్కర్లేదు, జాలీ పక్కన వచ్చి కూర్చుంటే చాలు. కుందేలు ఒంటి బరువులో ఎముకల వాటా ఏడెనిమిది శాతమే, అదే పిల్లికి 12, 13 శాతం ఉంటుంది. అంత తేలిక ఎముకలకి వెనక తొడల కండ మాత్రం చాలా బలం. బెదిరి ఒక్కసారి తన్నుకుంటే తన వెన్ను తానే విరగ్గొట్టుకుంటుంది. పిల్లి లోపలికి రాలేదు కదా, మరి కుందేలు ఎలా చచ్చిపోయిందో అని ఆశ్చర్యపోయే సందర్భాల్లో చాలావాటికి జవాబు ఇదే, లేకపోతే ఇందాక చెప్పిన పేగు ఆగిపోవడం. కాబట్టి బోను పిల్లిని లోపలికి రానివ్వకపోతే సరిపోదు. పిల్లి కుందేలుకి కనబడకూడదు, దాని పంజా అందకూడదు.

షాపు బోనుల్లో సందులు సాధారణంగా అంగుళం పైనే ఉంటాయి. ఆ సందులో పెద్ద పిల్లి పంజా ముందు భాగం దూరుతుంది, పిల్లి కూనది అయితే కాలే దూరుతుంది. కుందేలు నిద్రపోయేది జాలీకి ఆనుకునే. అందుకని కింది నుంచి కనీసం అడుగున్నర ఎత్తు దాకా అర అంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ (తీగలు అతికించి చేసిన గట్టి జాలీ) అదనంగా కట్టండి. హార్డ్‌వేర్ షాపులో 16 గేజ్ అని అడగండి, తీగ 1.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం, ఇది తిరగేసి అర్థం చేసుకుని 22 గేజ్ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఆరు పలకల కన్నుతో మెత్తగా చుట్ట చుట్టి అమ్మే కోళ్ల జాలీ దీనికి పనికిరాదు. అది కోళ్లు బయటికి పోకుండా ఆపడానికి పుట్టింది. కుక్క లాగితే చిరుగుతుంది, కుందేలే ఓ వారం కొరికితే తెగుతుంది.

చెక్క ఫ్రేము అయితే మెష్‌ను బయటివైపు బిగించాలి. బయటి నుంచి తోస్తే మెష్ వెళ్లి చెక్కకే ఆనుకుంటుంది. లోపలివైపు బిగిస్తే ఆ తోపు మొత్తం మేకుల మీద పడి ఊడొస్తాయి. స్టేపుల్ పిన్నులు వద్దు, నాలుగంగుళాలకో స్క్రూ, ప్రతి స్క్రూకీ వెడల్పు వాషరు వేయండి. బిగించాక మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. చిటికెన వేలు దూరేంత సందు వచ్చినా మళ్లీ బిగించాల్సిందే.

గడియ దగ్గర చాలామంది మోసపోతారు. తీగ వంచి తగిలించే కొక్కెం ఉన్న తలుపుని పిల్లి పంజాతో పదిసార్లు లాగితే ఒకసారి ఊడుతుంది. అడ్డంగా జరిగే బోల్టు పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి. ఒక్కటే ఉంటే బోల్టు లేని మూల వంగి సందు ఇస్తుంది. పిల్లలు తెరిచి మర్చిపోయే ఇల్లయితే చిన్న తాళంకప్ప వేసేయడమే నయం.

పైకప్పు సంగతి ఎవరూ పట్టించుకోరు. పిల్లి తేలిగ్గా అయిదడుగులు ఎగురుతుంది, బోను మీద వెచ్చగా పడుకోవడం దానికి మహా ఇష్టం. తల మీద నీడ పడిందంటే కుందేలుకి గద్ద వచ్చినట్టే లెక్క. మగపిల్లి అయితే అక్కడ్నుంచే మూత్రం చిమ్ముతుంది, అది నేరుగా గడ్డి మీద, నీళ్ల గిన్నెలో పడుతుంది. జాలీ కప్పు మీద మూడు నాలుగంగుళాల ఖాళీ వదిలి ప్లైవుడ్ పలక వాలుగా పెట్టి, పైన తాటాకో కొబ్బరి మట్టలో కప్పండి. పలక అన్ని వైపులా అరడుగు బయటికి రావాలి. రేకు మాత్రం వేయకండి, మన ఎండలకి అది పెనం అవుతుంది.

కాళ్లున్న బోనుకి కింద కూడా కాపలా కావాలి. తీగల నేల ఉంటే పిల్లి కిందకి దూరి, పైకి పంజా విసిరి కుందేలు వేళ్లు పట్టుకుంటుంది. ట్రే తీసి కడగడానికి పెట్టి రాత్రికి మళ్లీ తగిలించడం మర్చిపోయిన రోజే ఇది జరుగుతుంది. నేల మీద సగం మేర కడప బండ ముక్క పరిస్తే పంజా ఆగుతుంది, తీగల మీద అరికాళ్లు పుండవడం తగ్గుతుంది, ఎండాకాలం చల్లగానూ ఉంటుంది. మిగతా సగంలో గడ్డి దట్టంగా వేయండి.

లోపల దాక్కునే పెట్టె ఒకటి తప్పనిసరి. రెండు కుందేళ్లూ కలిసి పడుకునేంత, అంటే సుమారు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే చాలు. దానికి రెండు దారులు ఉండాలి. ఒక్కటే ఉంటే భయపడిన కుందేలు రెండోదాన్ని లోపలికి రానివ్వదు. పెట్టె ఉన్న మూలకి బయటి నుంచి రెండు వైపులా పలక కట్టేస్తే పిల్లికీ కుందేలుకీ చూపులు కలవవు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఇలా అన్నాం కదా అని నాలుగు వైపులా మూసేస్తే ఇంకో ప్రమాదం. కుందేలుకి చెమట పట్టదు, వేడి పోయేది ఎక్కువగా చెవుల్లోంచే. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన దగ్గర మే నెలలో 42, 43 మామూలు. మూయాల్సింది రెండు వైపులే, మిగతా రెండు వైపులా గాలి ఆడాలి. తడి గోనెపట్టా కూడా ఒక పక్కే వేలాడదీయండి, చుట్టూ కట్టి నీళ్లు చల్లితే మన ఉక్కపోతకి లోపల ఆవిరి పడుతుంది. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బండ మీద పెడితే అవే వచ్చి ఆనుకుని పడుకుంటాయి. ఇన్ని చెప్పినా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా డాబా మీద కుందేళ్లను ఉంచొద్దనే నా మాట. రాత్రి తొమ్మిదింటికి కూడా శ్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. కింద తూర్పు వసారాలోకో, లోపల గదిలోకో మార్చండి. వసారాకి గ్రిల్ ఉంది కదా అనుకోకండి, మూడంగుళాల సందులోంచి సన్నపాటి పిల్లి ఇట్టే వచ్చేస్తుంది. గ్రిల్‌కి మెష్ కట్టాలి, సగం ఎత్తు దాకా కాకుండా పైదాకా, ఎందుకంటే మెష్ పట్టుకునే ఎక్కుతుంది.

బయట వదిలే వేళ ఇంకో చిక్కు. మనకి ఎండ తగ్గే సాయంత్రం ఆరింటికి, తెల్లవారుజామున తీరిక. కుందేళ్లకీ అదే హుషారు వేళ, పిల్లులకీ అదే వేట వేళ. పైన మూత లేని కంచె పిల్లికి అడ్డే కాదు. మూతున్న కంచెలో వదలండి, లేదా మీరు అక్కడే కూర్చోండి. ఫోన్ మోగిందని లోపలికి వెళ్లే రెండు నిమిషాలు చాలు దానికి.

అసలు పిల్లులు మీ డాబా ఎందుకు ఎక్కుతున్నాయో చూశారా? చాలాచోట్ల అవి మొదట వచ్చేది కుందేలు కోసం కాదు. బోను కింద రాలిన పెల్లెట్లకి, అంటే గుళికల మేతకి, ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లి వస్తుంది, వచ్చాక కుందేలు కనబడుతుంది. రాత్రికి సరిపడా పెల్లెట్లే వేయండి, సాయంత్రం ట్రే తీసి ఊడవండి, మేత బస్తాకి బదులు మూత బిగిసే డబ్బా వాడండి. అర అంగుళం మెష్ పందికొక్కుల్నీ ముంగిసల్నీ కూడా ఆపుతుంది, కాలవ గట్ల దగ్గర ఉండేవాళ్లకి పిల్లి కన్నా వాటి బెడదే ఎక్కువ.

కారం వద్దండీ. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఎవరికైనా ముందు అదే తోస్తుంది, నిజమే. రెండు రోజుల్లో ఘాటు పోతుంది, పిల్లి పక్కనుంచి వస్తుంది. ఈలోపు గాలికి లేచిన కారం నేల మీదే ముక్కు పెట్టుకు తిరిగే కుందేలు కళ్లలో, ముక్కులో పడుతుంది. కలరా ఉండలు, ఫినాయిలు అంతకన్నా చెడ్డవి, రెండూ రెండు జంతువులకీ విషమే. పిల్లికి మందు పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అది అయిదేళ్ల దాకా శిక్ష పడే నేరమని చెప్పండి. పిట్టగోడ మీద కనబడగానే పైపుతో నీళ్లు కొట్టడం పనిచేస్తుంది, కాకపోతే ప్రతిసారీ కొట్టాలి.

పక్కింటి వాళ్లు చేపల తలలు వేస్తున్నారంటే దెబ్బలాడకండి. మీ గోడకి దూరంగా, పగటిపూట ఒకే వేళకి వేయమని అడగండి. రాత్రి ఆకలి మీదున్న పిల్లే ఎక్కువ తిరుగుతుంది. మగపిల్లులకి ఆపరేషన్ చేయిస్తే తిరుగుడూ, మూత్రం చిమ్మడమూ తగ్గుతాయి. ఖర్చులో సగం మీరు పెట్టుకుంటామంటే వినేవాళ్లు ఉంటారు.

గరిక కోసుకొచ్చేవాళ్లకి ఒక మాట: పిల్లులు మట్టి తవ్వి మలం పూడ్చే చోట కోయకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అందులోంచే కుందేలుకి వస్తుంది. పిల్లి మలం పడ్డ గడ్డి కడిగినా వేయొద్దు, పారేయండి.

రెండిట్లో ఆడా మగా ఉన్నాయేమో చూపించుకోండి, మూడు నెలలంటే విడదీసే వయసు. ఆడది చూలు కడితే 31 రోజుల్లో ఈనుతుంది, పుట్టిన పిల్లలకి బొచ్చుండదు, పది రోజులకి గానీ కళ్లు తెరవవు. ఆ పది రోజులూ బోను ఇంటి లోపలే, తలుపేసిన గదిలో ఉండాలి. బయట వసారాలో పిల్లి చప్పుడు విన్నా తల్లి పిల్లల్ని తొక్కేస్తుంది, ఒక్కోసారి తినేస్తుంది కూడా.

రాత్రి గోలలో పిల్లిని విడిపించబోయి మీ చేతికి గోరు గీసుకున్నా, పన్ను దిగినా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే రేబిస్ టీకా కోసం ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఈసారి విడిపించాల్సి వస్తే చేయి పెట్టకండి, దుప్పటి పిల్లి మీద వేయండి.